రోడ్డు విస్తరణలో రాకాసి గుళ్ళు, పాటిదిబ్బ పోతాయా? ముందుగా ఎవరు చూడాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, తర్వాత చదివేవారికి అర్థమవుతుంది. మీ ఊరి మీదుగా వెళ్ళే రెండు వరుసల రోడ్డును జాతీయ రహదారిగా మార్చి నాలుగు వరుసలు చేస్తున్నారు. కొలతల వాళ్ళు వచ్చి హద్దు రాళ్ళు పాతి వెళ్ళారు. రోడ్డు పక్కనే ఒక వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఉంది, కొంచెం లోపలికి వెళితే మీ ఊళ్ళో రాకాసి గుళ్ళు అనే రాళ్ళ వలయాలు, అంటే ఇనుప యుగపు సమాధులు ఉన్నాయి, చెరువు దాటాక పాటిదిబ్బ, అంటే పాత ఊరు పాడుపడి మిగిలిన మట్టిదిబ్బ ఉంది. పురావస్తు సర్వే లేకుండా పని మొదలుపెట్టవచ్చా, సర్వే అంటే అసలు ఏం చేస్తారు, వేరే దేశాల్లో ఎలా చేస్తారు, మీరు చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ముప్పై ఏళ్ళకు పైగా ఇదే నా పని. మొదటి సగం తవ్వకాల్లో గడిచింది, తర్వాతి సగం రోడ్లు, కాలువలు వేసేచోట ముందుగా నడిచి చూసే బృందాల్లో. అందుకే జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ముందు మీకు నచ్చని మాట. సర్వే లేకుండా పని మొదలుపెట్టవచ్చు. మీ ఊళ్ళో ఉన్న మూడింటిలో ఏ ఒక్కటీ రక్షిత జాబితాలో లేకపోతే, పురావస్తు సర్వే చేసి తీరాలని కాంట్రాక్టరును నిలదీసే చట్టం మన దేశంలో లేదు. మన చట్టానికి జాబితాలో ఉన్నదే కనిపిస్తుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద కేంద్రం రక్షితమని ప్రకటించిన చోట కట్టుదిట్టం గట్టిగానే ఉంటుంది. 2010 సవరణ తర్వాత రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నియంత్రిత ప్రాంతంలో పనికి నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ సిఫారసు కావాలి, నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణమే కుదరదు. ప్రభుత్వ రోడ్లకు, వంతెనలకు ఆ 100 మీటర్ల లోపల కూడా వీలు కల్పించాలని ఒక సవరణ బిల్లు తెచ్చారు. 2018 జనవరిలో లోక్‌సభ దాన్ని ఆమోదించింది, రాజ్యసభకు వెళ్ళాక సెలెక్ట్ కమిటీ చేతికి పోయింది. రహదారుల వాళ్ళకు ఆ 100 మీటర్లు ఎంత ఇబ్బందో ఆ బిల్లును చూస్తే తెలుస్తుంది. కానీ దేశం మొత్తం మీద కేంద్ర రక్షణలో ఉన్నవి 3,600 పైచిలుకు మాత్రమే. రాష్ట్రాల జాబితాలు వేరే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు 1960 చట్టం, తెలంగాణకు 2017 వారసత్వ చట్టం. వాటిని కలిపినా మన ఊళ్ళలో ఉన్నవాటి ముందు అవి పిడికెడే.

పర్యావరణ అనుమతి దారిలో అయినా సర్వే వస్తుందనుకుంటారు చాలామంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం 30 కిలోమీటర్లు దాటిన జాతీయ రహదారి విస్తరణకు, అదనంగా 20 మీటర్ల కంటే ఎక్కువ వెడల్పు భూమి అవసరమైతే ముందస్తు అనుమతి కావాల్సి ఉండేది. 2013 ఆగస్టులో ఆ గడపను బాగా ఎత్తు చేశారు. ఇప్పుడు 100 కిలోమీటర్లు దాటాలి, పాత దారి మీద అదనపు వెడల్పు 40 మీటర్లు, కొత్త దారి లేదా బైపాస్ మీద 60 మీటర్లు దాటాలి. మీ రోడ్డు లాంటి నలభై, యాభై కిలోమీటర్ల పనులు ఆ గడప ఇవతలే ఆగిపోతాయి. గడప దాటిన పనుల్లో కూడా దరఖాస్తు అడిగేది ఏమిటంటే, 15 కిలోమీటర్ల లోపల చట్టం కింద రక్షణ ఉన్న సాంస్కృతిక ప్రదేశాలు ఉన్నాయా అని. రాకాసి గుళ్ళకు చట్టం రక్షణ లేదు కాబట్టి ఆ గడిలో 'లేవు' అని రాస్తారు. రాసినవాడు అబద్ధం చెప్పినట్టు కాదు. మీ గుళ్ళు మాత్రం కాగితం మీద లేకుండా పోతాయి.

ఒక మినహాయింపు ఉంది, వెంటనే కనుక్కోండి. డబ్బు ఎవరిదో చూడండి. ప్రపంచ బ్యాంకు అప్పుతో కడుతున్న రోడ్డయితే వారి సాంస్కృతిక వారసత్వ నియమాలు వర్తిస్తాయి. అవి జాబితాలో లేని స్థలాలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. పనిలో ఏదైనా బయటపడితే ఎవరు ఆపాలి, ఎవరికి చెప్పాలి అన్న పద్ధతిని ముందే రాసిపెట్టాలంటాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకుదీ దాదాపు అదే తీరు. ఒకే ఇంజినీరు, ఒకే కాంట్రాక్టరు, అప్పు ఎవరిదన్నదాన్ని బట్టి రెండు రకాలుగా పనిచేయడం నేను కళ్ళారా చూశాను.

రోడ్డు కోసం పాతదాన్ని మింగడం మనకు కొత్తేమీ కాదు. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు బౌద్ధ స్తూపాన్నే తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దిబ్బ మీది ఇటుకలు, పాలరాతి పలకలు రోడ్డు పనులకు, కాలువ తూముకు తరలిపోయాయి. అప్పటి ఇంజినీర్ల కంటికి అది దగ్గర్లో చవకగా దొరికే సామాను. 1892లో అలెగ్జాండర్ రే వచ్చి తవ్వేనాటికి పై భాగమంతా పోయి, అడుగున ఉన్న రాతి కరండాలు (ధాతువులు దాచిన పెట్టెలు) మాత్రం మిగిలాయి. వాటి మీది బ్రాహ్మీ రాతలను తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో ఒకటిగా ఇవాళ పాఠాల్లో చెబుతున్నాం. పనివాళ్ళ గునపం ఇంకొంచెం లోతుకు దిగి ఉంటే ఆ పాఠం ఉండేది కాదు. పలుగూ పారా రోజుల్లోనే ఇంత జరిగింది. ఇప్పుడు పొక్లెయిన్ ఒక పూటలో చేసే పనికి అప్పట్లో ఒక కాలం పట్టేది.

ఇక సర్వే అంటే ఏం చేస్తారన్నది. తవ్వకాలని చాలామంది అనుకుంటారు, మీరూ అలాగే రాశారు. తవ్వకం చిట్టచివరిది. మొదటి నెల అంతా కుర్చీలో కూర్చునే పనే. 1882లో రాబర్ట్ సీవెల్ ఊరూరి పేరున వేసిన మద్రాసు రాజధాని పురాతన స్థలాల పట్టిక, 1887 నుంచి వస్తున్న శాసన నివేదికలు, కేంద్ర పురావస్తు శాఖ ఏటేటా వేసే సమీక్షలు, కల్నల్ మెకంజీ సేకరించిన కైఫియత్తులు (ఊళ్ళ చరిత్ర రాతలు) ముందు వేసుకుని, రోడ్డు పోయే ప్రతి ఊరి పేరునూ వాటిలో వెతుకుతాం. తర్వాత గ్రామ నక్ష, అంటే ఊరి భూముల పటం. నా అనుభవంలో దీని కంటే మంచి ఆధారం లేదు. సర్వే నంబరు పక్కన రైతులు వాడే చేను పేరు అడిగి రాసుకోవాలి. గుడిచేను అంటారు, అక్కడ గుడి ఉండదు. కోటమడి అంటారు, కోట ఉండదు. పాటిచేను, దిబ్బచేను సరేసరి. గోడ పోయినా పేరు నిలుస్తుంది. 1960లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలను 1995లో బయటపెట్టారు. భూమి చదును చేయకముందు, బోర్లు రాకముందు మన పొలాలు ఎలా ఉండేవో వాటిలో కనిపిస్తుంది. ఇవాళ చదునైన మక్కచేను ఆ ఫొటోలో గుండ్రని దిబ్బగా తేలిన సందర్భాలు నాకు ఒకటి కంటే ఎక్కువే ఎదురయ్యాయి.

ఆ తర్వాత నడక. రోడ్డు హద్దు లోపల మనుషులు పది మీటర్ల ఎడంతో వరుసగా నిలబడి, తల వంచుకుని నడుస్తారు. చూసేవాళ్ళకు ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు ఉంటుంది. దీనికి మంచి కాలం వేసవి దుక్కులు అయ్యాక ఒక వాన పడి వెలిసిన వారం. దున్నితే పెంకులు పైకి వస్తాయి, వాన వాటి మీది దుమ్ము కడుగుతుంది. పైరు ఎదిగిందంటే మళ్ళీ ఏడాది దాకా ఆ చేను నోరు విప్పదు. లోపలా అంచునా నల్లగా, కింద ఎర్రగా ఉన్న కుండపెంకు దొరికితే ఆగాలి. కుండను బోర్లించి కాల్చినందువల్ల వచ్చిన రంగది, ఇనుప యుగపు గుర్తుల్లో ముఖ్యమైనది. బరువుగా, బుడగలు బుడగలుగా ఉన్న నల్లటి ముద్ద దొరికితే అది చిట్టెం, ఇనుము కరిగించిన కొలిమి దగ్గర్లోనే ఉందన్నమాట. చిట్టెం కుప్పలను గ్రావెల్ అనుకుని రోడ్డుకే పరిచేసిన చోట్లు కూడా చూశాను.

మీ రాకాసి గుళ్ళ సంగతి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇవి విరివిగా ఉన్నాయి, ఒక్కో ఊరు ఒక్కో పేరుతో పిలుస్తుంది. నేలకు సమంగానో అరడుగు ఎత్తునో తేలిన బండల వలయం, మధ్యలో చిన్న రాళ్ళ పోత. అడుగున రాతి పలకల గదిలో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. కొన్నిటికి మూతబండ ఉంటుంది. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో రాష్ట్ర శాఖ తవ్వినప్పుడు ఒక మూతబండ సుమారు 40 టన్నుల బరువు తేలింది, దాన్ని లేపడానికి క్రేన్లు తేవాల్సి వచ్చింది. అంతటి సమాధి కూడా రోడ్డు మీద నుంచి చూస్తే రాళ్ళ కుప్పలాగే కనిపిస్తుంది. కొలతల వాళ్ళ పటంలో 'బండరాళ్ళు' అని రాసి ఉంటుంది. వారిని తప్పుపట్టను. వారికి చెప్పినవాళ్ళు లేరు.

చెప్పేవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. ఒకసారి ఒక గుట్ట పక్కన మేము రెండు రోజులు తిరిగి పదకొండు వలయాలు లెక్కపెట్టి, పని అయిపోయిందనుకుని టీ తాగుతున్నాం. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఇంతేనా సారూ, ఆ తుమ్మల వెనక చూడలేదా?" అన్నాడు. ఆయన వెంట వెళితే ఇంకో ఇరవై. "ఇక్కడ మేము రాత్రి మంద పెట్టము. మా తాత కూడా పెట్టలేదు" అన్నాడు. ఎందుకు పెట్టరో ఆయనకు తెలియదు. మా జీపీఎస్ పరికరం కంటే ఆయన గొర్రెల బాట పక్కాగా ఉంది. అప్పటి నుంచి ఏ ఊరికి వెళ్ళినా మొదట గొర్రెలవాళ్ళను, బావులు తవ్విన ఒడ్డెరవాళ్ళను అడుగుతాను. సర్పంచి ఇంటికి టీకి తర్వాత వెళ్ళవచ్చు.

అనుమానం ఉన్నచోట చిన్న పరీక్ష గుంతలు తీస్తారు. అయస్కాంత పరికరంతో నేల లోపల చూసే పద్ధతీ ఉంది కానీ బసాల్ట్ రాతి నేలల్లో ఆ రాయే సూదిని గందరగోళపెడుతుంది. మన దగ్గర కాలినడకే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఖర్చెక్కువని అంటారు. లెక్క వేసి చూద్దాం. 50 కిలోమీటర్ల రోడ్డు, ఇప్పుడు 30 మీటర్ల హద్దు, రేపు 60. కొత్తగా చూడాల్సింది 30 మీటర్ల వెడల్పు, అంటే 150 హెక్టార్లు. నలుగురు వరుసగా నడిస్తే రోజుకు నాలుగు కిలోమీటర్లు తేలికగా అవుతుంది. మొత్తం రెండు వారాల పని, నలుగురి జీతబత్యాలు, ఒక జీపు. నాలుగు వరుసల రోడ్డు బడ్జెట్‌లో ఆ మొత్తం కనిపించదు కూడా.

ఇప్పుడు మీరు అడగనిది చెబుతాను, మీ ఊరికి అసలు ముప్పు అదే. మీరు వీరగల్లు గురించి ఎక్కువ బెంగపడుతున్నారు, పాటిదిబ్బ హద్దు రాళ్ళకు దూరంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నారు. నా భయం దిబ్బ గురించే. రోడ్డు కట్టేది రోడ్డు మీద ఉన్న మట్టితో కాదు. పై 50 కిలోమీటర్లనే తీసుకోండి. కట్టను సగటున ఒకటిన్నర మీటరు లేపి, 25 మీటర్ల వెడల్పున మట్టి పోయాలంటే, మీటరు పొడవుకు 37 ఘనపు మీటర్ల పైన, మొత్తం 18 లక్షల ఘనపు మీటర్ల పైన మట్టి కావాలి. పది ఘనపు మీటర్ల టిప్పర్ లెక్కన లక్షా ఎనభై వేల ట్రిప్పులు దాటుతాయి. ఒకటిన్నర మీటరు లోతున తవ్వితే 120 హెక్టార్ల పైచిలుకు నేల గుంటలవుతుంది. రోడ్డుకు కొత్తగా తీసుకున్న నేలకు ఇది దాదాపు సమానం. ఇది చేతి లెక్కే, ఒక్కో రోడ్డుకు ఒక్కోలా ఉంటుంది. కానీ సంగతి అర్థమవుతుంది. సర్వే జరిగినా అది హద్దు రాళ్ళ లోపలే జరుగుతుంది. మట్టి గుంటలను కాంట్రాక్టరు తర్వాత ఎప్పుడో రైతులతో మాట్లాడుకుని తీసుకుంటాడు. వాటికి నక్ష ఉండదు, నడిచి చూసేవాడూ ఉండడు.

పాటిదిబ్బ వారికి ఎందుకు నచ్చుతుందో మీకు తెలిసే ఉంటుంది. చుట్టూ పొలం కంటే ఎత్తు, మెత్తటి మట్టి, రాయి తక్కువ, రైతుకు కూడా దిబ్బ పోయి చేను చదునవుతుంది. మన రైతులు పాటిమన్నును తరతరాలుగా బండ్లతో తోలుకుని చేలకు ఎరువుగా వేసుకున్నారు. వందల ఏళ్ళ బూడిద, పేడ, ఇళ్ళ గోడల మన్ను కలిసిన నేల కాబట్టి దానిలో సత్తువ ఉంటుంది. ఏటా నాలుగు బండ్లు తోలితే దిబ్బ అరుగుతుంది కానీ చావదు. టిప్పర్లు వారంలో చంపేస్తాయి.

ఒక గుంటను ఇప్పటికీ మరచిపోలేదు. ఏ రోడ్డో, ఏ సంస్థో చెప్పను. మేము వెళ్ళేసరికి దిబ్బలో మూడు వంతులు పోయి, మిగిలిన వంతు గోడలా నిటారుగా నిలబడి ఉంది. పైన ఎర్రమట్టి, కింద జానెడు బూడిద పొర, ఆ కింద పేడతో అలికిన నేల గీత గీసినట్టు. ఆ నేల మీద ఒక కుండ, పొక్లెయిన్ పళ్ళు దాన్ని పుచ్చకాయను కోసినట్టు నిలువునా సగానికి కోశాయి. మిగిలిన సగంలో మట్టి మూత ఇంకా అంచు మీద అలాగే కూర్చుని ఉంది, లోపల మాడి నల్లబడిన గింజలు. తక్కిన సగం ఎక్కడో రోడ్డు కింద, రోలరు తొక్కాక. మాకు రెండు రోజులు ఇచ్చారు. గోడను గీసి, గింజలు సంచిలో వేసుకుని, ఫొటోలు తీసుకుని వచ్చేశాం. మట్టి కోసం ఇంకో చేను చూపించి ఉంటే వెళ్ళిపోయేవాళ్ళమే అని సైటు మేనేజరు అన్నాడు. నిజమే అన్నాడనుకుంటాను. దిబ్బకు వంద గజాల్లో పనికివచ్చే మొరం నేల ఉంది.

వేరే దేశాల్లో ఎలా చేస్తారో కూడా అడిగారు. ఇంగ్లండులో 1990లో ప్రణాళికా మార్గదర్శకం ఒకటి వచ్చాక, నేలను కదిలించేవాడే పురావస్తు పని ఖర్చు భరించాలన్నది వాడుక అయింది. కేంబ్రిడ్జి, హంటింగ్‌డన్ మధ్య ఏ14 రోడ్డు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 34 కిలోమీటర్ల పని, ఖర్చు ఒకటిన్నర బిలియన్ పౌండ్లు. రోడ్డు పని మొదలయ్యే సమయంలో ఒక దశలో 250 మంది దాకా పురావస్తు పనివాళ్ళు 350 హెక్టార్ల మీద, నలభై చోట్ల తవ్వారు. కొత్త రాతియుగపు వలయ నిర్మాణాలు, ఇనుప యుగపు ఊళ్ళు, రోమన్ కాలపు కుండల బట్టీలు నలభై, మధ్యయుగంలో జనం వదిలేసిన ఒక పల్లె బయటపడ్డాయి. నాకు నచ్చింది వేరే. మట్టి నమూనాల్లో దొరికిన మాడిన చిన్న ముద్దలను సూక్ష్మదర్శిని కింద చూసి, అది రెండువేల ఏళ్ళకు పైబడిన బీరు కాచిన మడ్డి అని తేల్చారు. బ్రిటన్‌లో బీరు కాచినట్టు దొరికిన ఆధారాల్లో అతి పాతవాటిలో అదొకటని 2019లో ప్రకటించారు. మా సంచిలోని మాడిన గింజలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఇంత చేసినా ఆ రోడ్డు 2020లో తెరుచుకుంది, అదీ అనుకున్న గడువు కంటే ముందే. సర్వేల వల్ల రోడ్లు ఆగిపోతాయని ఎవరైనా అంటే ఈ ఒక్కటి చెప్పండి. ఫ్రాన్సులో 2001 చట్టం తర్వాత దీనికోసమే ఒక జాతీయ సంస్థ పెట్టారు. అమెరికాలో 1966 నుంచే కేంద్ర నిధులున్న పనులకు ఇలాంటి పరిశీలన తప్పనిసరి.

మనకు చేతకాక కాదు. నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం బృందం తవ్వి నమోదు చేసింది, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్ళీ నిలబెట్టింది. శ్రీశైలం ముంపులోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి ఆలంపూరు చేర్చారు. ఆనకట్ట అంటే ఒకే చోట పెద్ద ముంపు, అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. రోడ్డు సన్నగా సాగి ఒక్కో ఊళ్ళో ఒక్కో ముక్క తీసుకుపోతుంది, ఎవరి గొడవ వారిదే.

మీరు చేయగలిగినవి చెబుతాను. అన్నిటికంటే ముందు మీ రోడ్డు ఏ దశలో ఉందో తెలుసుకోండి. జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ ప్రకటన (భూమి తీసుకోబోతున్నామన్నది) వచ్చిందా, 3డీ (తీసుకున్నామన్నది) వచ్చిందా? 3ఏ గెజెట్‌లో పడిన నాటి నుంచి 21 రోజుల్లో అభ్యంతరం చెప్పే హక్కు భూమి ఉన్నవారికి ఉంది. రాకాసి గుళ్ళున్న చేను ఎవరిదో వారితో రాయించండి, నష్టపరిహారం మాట ఒక్కటే రాయకుండా ఆ చేలో ఏమున్నాయో సర్వే నంబరుతో సహా రాయాలి. 3డీ అయిపోతే భూమి కేంద్రానిదవుతుంది, ఆ తర్వాత దారిని పక్కకు జరపడం మాటల్లో పని కాదు. డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) దశలో ఇరవై మీటర్లు జరపడానికి ఒక ఇంజినీరు ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. పని మొదలయ్యాక అదే ఇరవై మీటర్లకు మంత్రి సంతకం కావాల్సి వస్తుంది. హద్దు రాళ్ళు పాతారన్నారు కాబట్టి మీ దగ్గర ఎక్కువ సమయం లేదు.

సమాచార హక్కు చట్టం కింద డీపీఆర్‌లోని మీ ఊరి పటం, పర్యావరణ నివేదిక ఉంటే అది, మట్టి తీసే చోట్ల జాబితా అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. పటం చేతికి వచ్చాక మీ స్థలాలు ఏ ఛైనేజీ (రోడ్డు మొదటి నుంచి కొలిచిన దూరం) దగ్గర ఉన్నాయో గుర్తుపెట్టండి. ఇంజినీరుకు 'చెరువు దాటాక' అంటే అర్థం కాదు, కిలోమీటరు సంఖ్య చెబితే లేచి పటం తీస్తాడు.

తర్వాత గ్రామసభ తీర్మానం. దానిలో రెండు ముక్కలుండాలి. ఫలానా సర్వే నంబర్లలో ఫలానావి ఉన్నాయి, రోడ్డును వాటికి తగలకుండా జరపాలి లేదా ముందు రాష్ట్ర శాఖ చేత నమోదు చేయించాలి అన్నది ఒకటి. పాటిదిబ్బ సర్వే నంబర్లలో మట్టి తీయడానికి పంచాయతీ ఒప్పుకోదు అన్నది రెండోది. రెండోదే ముఖ్యం, నవ్వులాటకు అనడం లేదు. నకళ్ళు కలెక్టరుకు, భూసేకరణ అధికారికి, రహదారి ప్రాజెక్టు డైరెక్టరుకు, రాష్ట్ర వారసత్వ లేదా పురావస్తు శాఖకు పంపి, రసీదులు దాచుకోండి. ఆ దిబ్బ రైతును కూర్చోబెట్టి మాట్లాడండి. మట్టికి అతనికి వచ్చే డబ్బు నిజమైన డబ్బు, ఉపన్యాసంతో కడుపు నిండదు. మొరం ఉన్న ఇంకో చేను చూపిస్తే కాంట్రాక్టరుకూ ఇబ్బంది ఉండదు.

పని జరుగుతున్నప్పుడు ఏదైనా బయటపడితే కాంట్రాక్టరుకు ఒప్పందం గుర్తుచేయండి. నేలలో దొరికే నాణేలు, శిల్పాలు, పురాతన వస్తువులు అతనివి కావనీ, కదిలించకుండా వెంటనే తెలియజేయాలనీ రహదారుల నమూనా ఒప్పందాల్లో ఉంటుంది. అందుకు అయిన న్యాయమైన ఖర్చును తిరిగి చెల్లించే మాట కూడా ఉంటుంది. సైటులో చాలామందికి ఆ పేజీ ఉన్నట్టే తెలియదు. 1878 నాటి నిక్షేపాల చట్టం కూడా ఉంది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే. పది రూపాయలు అన్న ఆ అంకెను ఇంతకాలం ఎవరూ మార్చలేదు.

వీరగల్లు గురించి. దాన్ని జరపవలసి వస్తే జరపవచ్చు, ఆకాశం కూలదు. కానీ జేసీబీ బకెట్‌తో లేపి గుడి ముందు పాతడం జరపడం కాదు. ఏ దిక్కుకు చూస్తోంది, నేలలో ఎంత లోతు ఉంది, అడుగున ఏముంది అన్నవి రాసుకోవాలి. రాళ్ళ అడుగు భాగంలో మట్టిలో కప్పబడిన శాసన పంక్తులు ఉండటం మామూలే. అక్షరాలు ఉన్నాయో లేవో మీరే చూడవచ్చు. చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి ఎదురుగా కాకుండా పక్క నుంచి ఆనించినట్టు వేయండి, పగలు కనిపించని గీతలు నీడలు పడి లేచి నిలబడతాయి. ఫోనుతో అలా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. సుద్దతో దిద్దవద్దు, ఉలి ముట్టించవద్దు, భక్తితోనైనా ఎనామిల్ రంగు వేయవద్దు. నేను చదవాలని వెళ్ళిన ఒక శాసనం మీద మూడు పూతల ఆకుపచ్చ రంగు ఉంది, ఏ రాజుదో ఈనాటికీ తెలియలేదు.

ఒక జాగ్రత్త. రాకాసి గుళ్ళ ఫొటోలు, లొకేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. గుప్తనిధుల వేటగాళ్ళు రోడ్డు కంటే ముందు వస్తారు, అమావాస్య రాత్రి మీ గుళ్ళను తోడి పోతారు. దూరం నుంచి తీసిన ఫొటో, ఊరి పేరు చాలు. సర్వే నంబరు దరఖాస్తుల్లోనే ఉండనివ్వండి.

మీరు ఏ కాలంలో ఇది చదువుతున్నారో కానీ, ఈ ఏడు దుక్కులు ఇంకా కాకపోతే, మొదటి వాన పడ్డాక పాటిదిబ్బ మీద ఒక ఉదయం నడవండి. పెంకులు ఏరవద్దు, ఉన్నచోటే పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీయండి, పరిమాణం తెలుస్తుంది. అవి ఇక్కడ పెట్టండి, ఏ కాలానివో నాకు తోచింది చెబుతాను. 3ఏ ప్రకటన తేదీ కూడా దానితోనే రాయండి, మిగిలిన రోజులు లెక్కపెట్టుకోవాలి.